ఈ రోజు పులుసు నువ్వే వండాలి

నాన్నా,

చింతపండు నానబెట్టాను, ఉల్లిపాయలు తరిగాను. వేట నుంచి రాగానే చేపల పులుసు నువ్వే వండాలి. అమ్మ చెయ్యి వెయ్యకూడదు. కొత్తవాళ్ల ముందు నేను నోరు విప్పనని పందెం కాశావుగా, ఓడిపోయావు.

నిన్న సైన్స్ సెంటర్‌లో, తాడు లాగితే పైకి లేచే కప్పీల కుర్చీ దగ్గర, "మూడు కప్పీలుంటే బరువు ఎందుకు తగ్గినట్టుంటుంది?" అని అక్కడ అన్నీ చూపించే దీదీ హిందీలో అడిగింది. "తాడు మూడింతల పొడవు లాగుతాం కాబట్టి. మా నాన్న పడవని ఒడ్డుకి అలాగే లాగుతాడు" అని నేనూ హిందీలోనే గట్టిగా చెప్పాను. తర్వాత అమ్మని కూర్చోబెట్టి ఒక్కదాన్నే పైకి లాగాను. "దించవే పిల్లా!" అని ఒకటే కేకలు. అందరూ చప్పట్లు కొట్టారు.

బడికి వెళ్తున్నాను.

బేబీరాణి

ఉప్పు చూసి వెయ్యి. ఈసారి వేట మానుకుని నువ్వూ రా. నిన్నూ లాగేస్తాను.