పాణి అంటే నీళ్లు

అరకు,
14-3-1926

అన్నయ్యకు నమస్కారాలు. నా చలిజ్వరం తగ్గింది, బెంగపడవద్దని అమ్మతో చెప్పండి. మనసు మాత్రం నిలకడగా లేదు.

నాలుగు రోజుల కిందట మా ఆసుపత్రి అరుగు మీద జ్వరంతో పడుకున్న కొండమనిషి ఒకామె "పాణి, పాణి" అని గొణుగుతుంటే, పొలం పని గురించి కలవరిస్తోందనుకున్నాను. "పని తర్వాత చూసుకోవచ్చు, పడుకో" అని మూడుసార్లు కసిరాను. చింతపండు అమ్మవచ్చిన సోంబరు విని, "పని కాదు బాబూ, పాణి. నీళ్లడుగుతున్నాది" అన్నాడు. ఇస్తే రెండు చెంబులు తాగింది. పొద్దుటినుంచి ఆమెను దాహంతో మాడ్చాను. ఇంకెందరి మాట ఇలాగే విన్నానోనని అన్నం సయించడం లేదు.

ఈ కొండవాళ్ల మాట ఒడియాకు దగ్గరట, బరంపురం మావయ్యకు ఒడియా వచ్చు కదా. ఎక్కడ నొప్పి, ఎన్నాళ్లనుంచి, ఏం తిన్నావు, ఏం కావాలి, ఇలాంటి మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాయించి వెంటనే పంపండి. ఆవు ఈనిందా? వదిన దగ్గు ఎలా ఉంది?

ఆమె కోలుకుని నిన్న ఊరికి వెళ్లింది. వెళ్తూ నా చేయి పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పింది. సోంబరు లేడు. అర్థమైనట్టు తల ఊపి పంపేశాను. అదేమిటోనని నిన్నటినుంచీ అరుగు మీద అటూ ఇటూ తిరుగుతున్నాను.

అమ్మ పాదాలకు నమస్కారం, పిల్లలకు దీవెనలు.

తమ్ముడు,
రామశేషు