సుబ్బరాయుడి కృత్తిక

తిరువళ్లూరు,
శనివారం సాయంత్రం

అన్నకు,

చెల్లెలు సుభద్ర దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ నువ్వూ వదినా పిల్లలూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. వదిన మోకాలినొప్పి ఎట్లా ఉందో నీ ఉత్తరంలో లేదు. పెద్దమ్మకు దగ్గు తగ్గిందా? నా గురించి బెంగపెట్టుకోవద్దని ఆమెకు చెప్పు. వేళకు తింటున్నాను, బడికి వెళుతున్నాను, బాగానే ఉన్నాను.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. బడి ముందర బురద. నేను చరిత్ర పాఠం చెప్పేటప్పుడు తమిళం తడబడితే పోయినేడు పిల్లలు పుస్తకాలు అడ్డం పెట్టుకొని నవ్వేవాళ్లు. ఇప్పుడు ఎంత తడబడినా ఒక్కరూ నవ్వడం లేదు. నా బోసి నొసలు చూసి జాలిపడుతున్నారు. ఆ నవ్వే నయమనిపిస్తుంది, అన్నా. ఇంటికొచ్చి పొయ్యి ముట్టిస్తే చెయ్యి తన అలవాటున ఇద్దరికి బియ్యం పోస్తుంది. మిగిలింది పొద్దున్నే నీళ్లు పోసుకుని తింటాను.

ఇక నీ ఉత్తరం సంగతి. ఉద్యోగం మానుకుని, ఇల్లు ఖాళీ చేసి, ఈ కృత్తికకల్లా ఊరికి వచ్చెయ్యమన్నావు. బావకు ఇచ్చిన మాట తప్పలేనన్నావు. ఆ మాట నువ్వెప్పుడు ఇచ్చావో నాకు బాగా గుర్తుంది. ఆయన పోయిన పదోనాడు పిండం పెట్టి ఎంతసేపు కూర్చున్నా కాకి గోడ దిగలేదు. నువ్వు చేతులు జోడించి, "చెప్పు బావా, ఏం మిగిలిపోయినాది నీకు? మా చెల్లెల్ని మా ఇంట్లోనే పెట్టుకొని చూసుకుంటాం లే, దిగు" అన్నావు. కాకి దిగింది.

నువ్వు రైలెక్కి వెళ్లాక, ఆయన పామును పెంచుకున్న మట్టికాగు నా కంట పడింది. ఆ రెండుతలల పాము నీ చేలోదే గదా. వేరుశనగకు దున్నేటప్పుడు బయటపడితే కూలివాళ్లు కర్రలెత్తారు. ఈయన అడ్డం పడి, కాగులో ఇసుక పోసి, ఇల్లు మారినప్పుడు దాన్ని ఒళ్లో పెట్టుకుని ఈ ఊరికి తెచ్చారు. సుబ్బరాయుడని పేరు కూడా పెట్టారు. నాకు మాత్రం దాన్ని చూస్తే ఒళ్లు జలదరింపు. అది ఎలుకను తింటుందని తెలుసు. ఎన్నాళ్లకొకసారి తింటుందో ఏనాడూ అడగలేదు. నేను ఇంట్లో ఉండగా దానికి తిండి పెట్టడం చూడనూ లేదు.

ఆకలితో చస్తుందేమోనని బడి బంట్రోతు చేత ఎలుకలు తెప్పించాను. రెండు మూడు రోజులకొకటి కాగులో వేయడం, అది ముట్టకపోవడం, మళ్లీ తీసి వదలడం. ఇంటి యజమానురాలు కన్నమ్మక్క అది చూసి ముక్కున వేలేసుకుంది.

"అయ్యో పావం, ఇదీ ముట్టలేదే! ఆ పొద్దు కాకి అట్ల చేసె, ఇప్పుడు పాము ఇట్ల చేస్తా ఉండాది. అయ్య మనసు ఇంకా యాడనో నిలిచిపోయినాదమ్మా. మీ అన్న మాట ఇచ్చినాడు గదా, నువ్వు ఇంకా ఈడనే ఉండావు. అందుకే."

పసుపు కలిపిన పాలు కూడా తెచ్చి కాగులో పెట్టింది. చీమలు పట్టాయి.

చదువుకున్నదాన్ని, నవ్వి ఊరుకోవలసింది. ఊరుకోలేకపోయాను. ఎలుక కాగులో మూల నుంచి మూలకు తిరిగినప్పుడల్లా, ఆయనకు ఏం మిగిలిపోయిందా అని నా మనసూ అట్లాగే తిరిగింది. ఆయన పోయిన రోజు ఆడికృత్తిక పండగని నేను మీ అందరితో తిరుత్తణి కొండ మీద ఉన్నాను. ఇక్కడ ఆయన పడకకుర్చీలో ఒక్కరే పోయారు. దాహమేసిందేమో, పిలిచారేమో. ఇదంతా నీకు రాసినందుకే నువ్వు కూడా, పాము చేత బావ గుర్తుచేస్తున్నాడని రాశావు. నేను రాజీనామా కాగితం రాసి పెట్టెలో పెట్టుకున్నాను. తేదీ ఒక్కటే వెయ్యలేదు.

ఇంతలో బంట్రోతు సెలవు మీద వెళ్లాడు. అటక మీద ఎలుకబోను ఒకటి కనిపించింది. ఆయన పోయిన రోజు గుమ్మం పక్కన ఖాళీగా ఉంటే నేనే ఎత్తి పెట్టించాను. అది పట్టుకుని ఎలుక కోసం వీధి చివర బియ్యం అంగడికి వెళ్లాను. అంగడి నాయుడు నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. తర్వాత బోను చూశాడు.

"ఇది మా అంగడి బోనే గదమ్మా! యాడికి పొయినాదా అని వెతుకుతా ఉండా. ఎలుక కావల్నా? కృత్తిక ఇంకా రాలేదే, అప్పుడే ఎందుకు?"

నాకేమీ అర్థం కాలేదు. కృత్తికకూ ఎలుకకూ ఏం సంబంధమని అడిగాను.

"అయ్య నెల నెలా కృత్తిక కృత్తికకే గదా వస్తాడు. నువ్వు తిరుత్తణి రైలెక్కితివంటే ఆయన మా అంగడి మెట్లెక్కినట్టే. నీకు ఎలుకంటే అరోచకమంట, నువ్వు ఉండంగ పెట్టనంటాడు. అయ్య పోయిన ఆ కడాపొద్దు గూడ వచ్చినాడే! 'ఆమె కొండ మీది సుబ్బరాయుడికి దండం పెట్టను పోయినాది నాయుడూ, నేను ఇంట్లో సుబ్బరాయుడికి కూడు పెడతా ఉండా' అని ఎంత నగినాడని! ఆ నగువు ఇంకా నా చెవిలోనే ఉండాది."

అంగడి మెట్ల మీదనే కూర్చుండిపోయాను. నాయుడు బిత్తరపోయి నీళ్లు తెప్పించాడు.

చూశావా అన్నా. పాము ముట్టకపోవడానికి ఆయన కోరికా కారణం కాదు, నువ్విచ్చిన మాటా కారణం కాదు. దాని కడుపు నిండి ఉంది. నింపింది ఆయనే. ఆ రోజు లేచి, చెప్పులేసుకుని, వీధి చివరిదాకా నడిచి, నవ్వి, దానికి తిండి పెట్టి, వచ్చి కుర్చీలో పడుకున్నారు.

"మా గడప తొక్కితే బావకు నామోషీ" అని నువ్వు నొచ్చుకునేవాడివి. ప్రతి కృత్తికకూ కొండ మీద చుట్టాలు "మీ ఆయన యాడమ్మా?" అని అడిగితే, "ఇంట్లో ఏదో పని ఉండి నిలిచిపోయారు" అని సిగ్గుతో చెప్పేదాన్ని. నా అరోచకం కోసం నిలిచిపోయారని ఇప్పుడు అనుకుంటున్నాను. లేక ఒక్క రోజు ఒంటరిగా ఉండాలని ఆయనకే అనిపించేదేమో. రెండూ నిజమేనేమో. అడుగుదామంటే మనిషి లేరు.

పోయిన కృత్తిక దాకా ఆగి, ఒక ఎలుకను కాగులో వేసి, గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఇసుక కదిలిన చప్పుడైంది. తిరిగి చూసేసరికి ఎలుక లేదు, పాము నడుము లావై ఉంది. ఆయన పోయినప్పుడు అందరి ముందరా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

అందుచేత నీ మాట నుంచి నిన్ను నేనే విడిపిస్తున్నాను. కాకి తన ఆకలికి దిగి ఉంటుంది. రాజీనామా కాగితం పొయ్యిలో వేశాను. పొరపాటు చేస్తున్నానేమోనని ఇది రాస్తూ కూడా అనిపిస్తున్నది. అయినా ఇక్కడే ఉంటాను. కోపగించుకోవద్దు.

కాగులో ఇసుక ముక్కింది. ఎవరైనా ఇటు వస్తే ఆ చేని గట్టు ఇసుక ఒక సంచెడు, వదిన పెట్టిన చింతకాయ పచ్చడి కొంచెం పంపించు. పెద్దమ్మ కాళ్లకు నా దండాలు చెప్పి, నన్ను దీవించమను. పిల్లలకు ముద్దులు.

ఈ కృత్తికకు రాలేను. పాముకు ముందురోజే తిండి పెట్టి రావచ్చు గదా అంటావు. రావచ్చు. ఆయన కూడా అట్లా చేసి ఉండవచ్చు, చెయ్యలేదు. కొండ మీద ఎవరైనా నన్ను అడిగితే, ఇంట్లో ఏదో పని ఉండి నిలిచిపోయిందని చెప్పు.

నీ దీవెన కోరే చెల్లెలు,
సుభద్ర