హాజరులో ఓదెలు

జిన్నారం

ముత్యమ్మ గారికి,

మీ రవళి ఎనిమిదో తరగతికి పాసైంది. ఆన్‌లైన్ క్లాసులు ఇవాళ్టితో అయిపోయాయి.

పిల్లలు నాన్నల ఫోన్లతో వస్తారు కాబట్టి తెర మీద నాన్నల పేర్లే కనిపిస్తాయి. ఆ పేర్లే పిలిచి హాజరు తీసుకోవడం నాకు అలవాటైంది.

కంపెనీలో రియాక్టర్ పేలి మీవారు ఓదెలు గారు పోయాక, ఫోన్‌లో రవళి పేరు పెట్టమన్నాను. "ఉండనియ్యుండ్రి టీచరమ్మా. ఆయన పేరు నా నోటితోని తియ్యొద్దు గద, మీరన్న పిలువుండ్రి" అన్నారు.

ఇవాళ కూడా "ఓదెలు" అని పిలిచాను. రవళి పలకలేదు. మీ గొంతు వినిపించింది: "డ్యూటీకి పోయిండు టీచరమ్మా. ఇంకా రాలే."

హాజరు వేసేశాను.

రేపటి నుంచి సెలవులు. పొద్దున్నే ఫోన్ ముందు కూర్చోకండమ్మా. నేను పిలవను.

రవళి క్లాస్ టీచర్