కొత్త రికార్డులో లేని గీత

ఏమోయ్, డ్యూటీ నుంచి రాగానే రికార్డు ప్లేయర్ మూత వెయ్యి. కంగారులో మర్చిపోయాను, కొత్త రికార్డు మీద దుమ్ము పడుతుంది. పొద్దున్నుంచి నాలుగుసార్లు విన్నాను. అవే పాత పాటల్ని శుభ్రం చేసి రీమాస్టర్ చేసినవాడికి వంక పెట్టడానికి లేదు, వయొలిన్ ఎదురుగా కూర్చుని వాయిస్తున్నట్టే ఉంది. కానీ రెండో పాట సగానికొచ్చేసరికి, పాతదాంట్లో గీత దగ్గర టక్కుమనేది చూడు, దానికోసం నా చెవి కాచుక్కూర్చుంటోంది. అది రాదు. నాకు కాలు నిలవడం లేదు. నిన్న పాతది షాపులో ఇచ్చేసి ఇది తెచ్చానుగా, ఎవరైనా కొనుక్కుపోకముందే వెనక్కి తెచ్చుకోవాలి. భోజనానికి నాకోసం ఆగకు.

అన్నట్టు, పెళ్లైన కొత్తలో ముల్లు జారవిడిచి ఆ గీత పెట్టింది నువ్వే. దానికి నీతో వారం రోజులు మాట్లాడలేదు నేను. ఇవాళ షాపువాడు ఏ రికార్డని అడిగితే, మా ఆవిడ గీత పెట్టినదని చెబుతాను.