ఇరవై ఏడుకీ అరవై ఏడుకీ మధ్య

గౌరవనీయులైన డైరెక్టరు గారి సముఖమునకు,
తాగునీటి సరఫరా సంస్థ, ప్రధాన కార్యాలయం.

అయ్యా,

విషయం: రెండేళ్ల క్రితం జరిగిన జూనియర్ అసిస్టెంట్ల నియామకంలో పదకొండవ వరుస వద్ద దొర్లిన పొరపాటు – సదరు పొరపాటు నాదే అగుట – తదుపరి చర్య గురించి.

సూచిక: నా గది బయట బెంచీ మీద కూర్చునే ఆవిడ ఇచ్చిన దరఖాస్తు.

ఈ సంస్థ నియామకాల విభాగానికి పన్నెండేళ్లుగా అధిపతిగా ఉన్న నేను తమకు వినయముతో మనవి చేసుకొనునది ఏమనగా:

1. అభ్యర్థుల పేర్లు చూడకుండా హాల్ టికెట్టు నంబర్లతోనే ఎంపిక జాబితా తయారుచేయు పద్ధతిని మన సంస్థలో ప్రవేశపెట్టినది నేనే. పేరు కనపడితే పక్షపాతం వస్తుందని నా వాదన. ఇందుకు తమరు నాకు ప్రశంసాపత్రం కూడా ఇచ్చియున్నారు. అది నా కుర్చీ వెనక గోడకు వ్రేలాడుచున్నది. ఈ నెల రోజులుగా దానికి వీపు పెట్టి కూర్చోవడం నాకు కష్టంగా ఉన్నది.

2. జాబితా తయారుచేసిన రోజున కంప్యూటర్లు పనిచేయలేదు. సాయంత్రం ఐదింటిలోగా బోర్డు మీద అంటించవలసి ఉన్నందున, మార్కుల పట్టీ చూసి నేను నంబర్లు పైకి చదువగా మా గుమాస్తా వ్రాసుకొనెను. మొత్తం నలభై నంబర్లు. పదకొండవది 4667. నేను "నలభై ఆరు అరవై ఏడు" అని చదివాను. ఆరు పక్కనే అరవై వచ్చేసరికి రెండూ కలిసిపోయాయి కాబోలు, గుమాస్తాకు "నలభై ఆరు ఇరవై ఏడు" అని వినపడింది. 4627 అని వ్రాసెను. సరిచూచుటకు రెండోసారి కూడా నేనే చదివాను, అతనే విన్నాడు. ఒకసారి తప్పు విన్న చెవి రెండోసారీ అదే వింటుందని నాకు అప్పుడు తోచలేదు.

3. పై పొరపాటునకు ముఖ్య కారణం నా గదిలోని ఫ్యాను. అది తిరుగుచున్నంతసేపు టకటకమని కొట్టుకొనును. మార్చవలసినదిగా మూడు పర్యాయములు నోట్ పెట్టియున్నాను. పైగా గుమాస్తాకు ఎడమ చెవి సరిగా వినపడదు. ఆయన ఇప్పుడు రిటైరైనారు.

4. పై మూడవ పేరాను తమరు దయచేసి చదవనట్టు భావించవలెను. భయంలో వ్రాశాను. చదివింది నేను, సంతకం పెట్టింది నేను. రిటైరైన మనిషి చెవి మీదికి దీన్ని తోసేస్తే నాకంటే నీచుడు ఉండడు.

5. ఈ నెల ఒకటవ తేదీన ఒక ఆవిడ వచ్చి, రెండేళ్ల క్రితం తాను వ్రాసిన పరీక్షలో తనకెన్ని మార్కులు వచ్చినవో తెలుపవలసినదిగా దరఖాస్తు ఇచ్చినది. ఆమె నంబరు 4667. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వవలెను. నేటికి ఇరవై ఆరు రోజులైనవి. నేను పాత మార్కుల పట్టీ తీసి చూశాను. పదకొండో ర్యాంకు 4667. నియామకాల జాబితా తీశాను. పదకొండో వరుసలో 4627. మిగతా ముప్పై తొమ్మిది నంబర్లు సరిచూసే ధైర్యం లేక రెండు కాగితాలూ బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆ తాళంచెవి జేబులో ఉందో లేదో గంటకోసారి తడిమి చూసుకుంటున్నాను.

6. సదరు ఆవిడ ఒక జిరాక్స్ షాపులో పనిచేయుచున్నది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి, నా గది ఎదుట బెంచీ మీద అరగంట కూర్చొని వెళ్లిపోవును. నాది సగం తలుపు. దాని కింద నుంచి ఆవిడ చెప్పులు కనపడతాయి. ఒకదానికి పట్టీ తెగితే పిన్నీసు పెట్టుకుంది. ఆ చెప్పులు కనపడగానే నేను ఫోనెత్తి, అవతల ఎవరూ లేకున్నను "అలాగేనండి, అలాగేనండి" అనుచున్నాను. ఒకరోజు ఫోను పెట్టేలోపే లోపలికి వచ్చేసింది.

"ఒక్క మాట సార్. నాకు వయసు దాటిపోయింది, మళ్లీ పరీక్ష రాయలేను. ఉద్యోగం అడగడానికి రాలేదు."

"మరి దేనికమ్మా?"

"ఎక్కడ తప్పానో తెలుసుకుందామని. రోజూ ఎవరో ఒకరు అపాయింట్‌మెంట్ ఆర్డర్ పట్టుకుని జిరాక్స్‌కి వస్తారు. వాళ్ల కాగితాలు తీస్తుంటే అదే ఆలోచన సార్. ఆ ఒక్కటి తెలిస్తే నాకు నేను సర్దిచెప్పుకుంటాను."

నేను "పరిశీలనలో ఉన్నది" అన్నాను.

7. ఇక 4627 గురించి. ఆమెది నా విభాగమే. బయటి నుంచి వచ్చే, పైకి వెళ్లే ప్రతి కాగితాన్నీ తీసుకుని, ముద్ర వేసి, రిజిస్టరులో ఎక్కించే పని ఆమెది. అందరూ స్టాంపమ్మ అంటారు. రెండేళ్లలో ఒక్క కాగితం పోగొట్టలేదు. తల్లికి చూపు మందగించింది, ఇంట్లో సంపాదించేది ఈ పిల్ల ఒక్కతే. మిగతావాళ్ల టేబుళ్ల మీద ఫొటోలు, క్యాలెండర్లు, శాలువాలు ఉంటాయి. ఈమె టేబుల్ మీద సొంత వస్తువు ఒక్కటీ లేదు. "కార్యాలయ స్థలమును సొంతమునకు వాడుకొనదు" అని ఏటా నివేదికలో మెచ్చుకొని వ్రాసియున్నాను.

తమరు గమనించవలసిన మరొక సంగతి: దరఖాస్తు పద్ధతి తెలియని వాళ్లు ఎవరొచ్చినా దరఖాస్తు ఈమే రాసిపెడుతుంది. బెంచీ ఆవిడ దరఖాస్తులోని దస్తూరీ ఈమెదే. తన ఉద్యోగానికి తానే గొయ్యి తవ్వుకుంటూ, పాపం, గుండ్రటి అక్షరాలతో, ఎక్కడా కొట్టివేత లేకుండా రాసింది.

8. పొరపాటు నియామకం బయటపడిన రోజునే, నోటీసు లేకుండా, సదరు వ్యక్తిని తొలగించవలెనని మన నిబంధన. దాని ముసాయిదా రాసింది నేనే. రాసిన రోజున చాలా పకడ్బందీగా ఉందనిపించింది.

9. నా పరిస్థితి. నిన్న అటెండరు ఫోను పెట్టేస్తూ "తప్పు నంబరు సార్" అన్నాడు. ఎవరో పొరపాటున చేసిన ఫోను. నా చేతిలో గ్లాసు కిందపడింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది నా బతుకు. మా ఆవిడైతే "నిద్రలో ఇరవై అంటారు, అరవై అంటారు. బేరమేదో త్వరగా తేల్చుకోండి, నాకు నిద్ర లేదు" అంటోంది. ఆమెకు చెప్పలేదు. ముప్పై మూడేళ్ల ఉద్యోగంలో నా మీద ఒక్క మెమో లేదని ఆమె అందరికీ చెప్పుకుంటుంది.

10. కావున తమరిని వేడుకొనునది: నాకు ఇంకా రెండేళ్ల సర్వీసు ఉన్నను, నన్ను ఈ నెలాఖరుకే పంపించివేయవలెను. నా కుర్చీ ఖాళీ అయితే కింది అధికారి పైకి వస్తాడు, ఆయన చోటికి ఆయన కిందివాడు. అలా నాలుగు మెట్లు దిగితే అడుగున ఒక జూనియర్ అసిస్టెంటు ఖాళీ వస్తుంది. అందులో 4667ను, పాత ర్యాంకు మీదనే, వయసు చూడకుండా తీసుకొని, 4627ను ఉన్నచోటనే ఉండనివ్వవలెను. ఇది నిబంధనల్లో లేదు. వాటిని రాసినవాడిని గనుక, లేదని నాకు బాగా తెలుసు. శిక్ష ఏదైనా నాకే వేయండి. ఆ ఇద్దరిలో ఎవర్ని బయటికి పంపే కాగితం మీదా నా చేత సంతకం పెట్టించకండి. నా వల్ల కాదు.

తమరు ఒంటరిగా ఉన్నప్పుడు, తలుపు వేసుకొని, దయతో చిత్తగించవలెను.

తమ విధేయుడు (ఇంకా నాలుగు రోజులు),
నియామకాల విభాగాధిపతి

తా.క.: అయ్యా, అంటించిన కవరు చింపి ఇది రాస్తున్నాను.

తమకు పంపే ఏ కాగితమైనా రిజిస్టరులో ఎక్కి, విషయం గడి నిండితే గాని లోపలికి రాదు. ఆ పద్ధతీ నేను పెట్టిందే. కవరు పట్టుకుని స్టాంపమ్మ దగ్గర నిలబడ్డాను. ముద్ర వేసి, నంబరు వేసి, "విషయం ఏమని రాయమంటారు సార్?" అంది. నేను ఆమె టేబుల్ మీది ముద్రను అటూ ఇటూ జరిపాను. ఆమె కాసేపు చూసి, తల వంచుకుని తనే రాసింది. గుండ్రటి అక్షరాలు. "4667 బదులు 4627."

"నీకెలా తెలుసు?" అన్నాను.

"నేను పరీక్షలో చివరి రెండు పేజీలు తిప్పనే లేదు సార్. ఉన్నాయని బయటికొచ్చాక తెలిసింది. ఆర్డర్ వచ్చినప్పుడే ఏదో పొరపాటని అనుకున్నా. ఎవరైనా అడుగుతారేమోనని రెండేళ్లుగా చూస్తున్నా. ఎవరూ అడగలేదు."

"మరి ఆవిడ దరఖాస్తు రాసిచ్చావు కదమ్మా."

"ఆవిడ నంబరు చెప్పగానే నాది గుర్తొచ్చింది సార్. ఒక్క అంకె తేడా. భయమేసింది. అయినా రాశా. ఇవాళ లేవమంటారా, రేపు లేవమంటారా అని రోజూ బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చోలేను ఇంక."

ఆ టేబుల్ మీద సొంత వస్తువు ఎందుకు లేదో నాకు అప్పుడు అర్థమైంది. ఏటా నేను మెచ్చుకుంది దాన్నే.

కవరులో ఏం రాశానో చెప్పాను. నాలుగు మెట్ల సంగతి కూడా చెప్పాను. ఆమె రిజిస్టరు మూసింది. "డైరెక్టరు గారు ఏమంటారో తర్వాత చూద్దాం సార్. మిగతా ముప్పై తొమ్మిదీ రేపు కూర్చుని సరిచూద్దాం, నేను చదువుతా. ముందు ఆవిడకి చెప్పండి. ఒంటిగంట అయింది" అంది.

ఇద్దరం నా గదిలోకి వచ్చేసరికి బెంచీ ఖాళీ; కాసేపటికి సగం తలుపు కింద చెప్పులు కనపడ్డాయి. ఈసారి ఫోనెత్తలేదు. లోపలికి పిలిచి కూర్చోమన్నాను. స్టాంపమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"మీరు ఎక్కడా తప్పలేదమ్మా. మీది పదకొండో ర్యాంకు. తప్పు చదివింది నేను" అన్నాను.

ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. తర్వాత మెల్లగా, "ఇంకోసారి చెప్పండి సార్, ఫ్యాను చప్పుడుకి సరిగా వినపడలేదు" అంది.

లేచి ఫ్యాను ఆపి, మళ్లీ చెప్పాను.