నాన్న నవ్విన ఫోటో

చిన్నదానా,

అక్క దీవెనలు అందుకో. ఇక్కడ నా మోకాళ్లు తప్ప అందరం కులాసా. మీ బావ దగ్గు తగ్గిందా అని అడిగావు. తగ్గింది, ఇప్పుడు సణుగుడు పట్టుకుంది. భోజనాల బల్ల నిండా ఫోటోలే, కంచం పెట్టుకోవడానికి చోటు లేదట.

కొత్త ఆల్బమ్ సగం పైనే అయింది. పాతదాని నల్ల అట్టలు ముట్టుకుంటే రాలిపోతున్నాయి. నాన్న ప్రతి ఫోటోనీ జిగురు పూసి అంటించేశారు కదా, గోటితో లాగితే చిరుగుతోంది. అందుకని కుట్టు దారం రెండు చేతులా బిగించి పట్టుకుని, ఫోటో వెనక మెల్లగా అటూ ఇటూ ఆడిస్తున్నాను. ఒక్కోదానికి పావుగంట. చూడబోతే అన్నీ నీవే. నీ మొదటి పన్ను, నీ మొదటి అడుగు, నీ మొదటి అలక. నాకు పళ్ళు ఎవరికీ చెప్పకుండా వచ్చినట్టున్నాయి. నవ్వకు, ఈ వయసులోనూ కడుపు మండింది.

నాన్న భుజాల మీద నువ్వున్న ఫోటో, అదే, నీ తల సగం తెగిపోయినది, చెమ్మకు పాడైందని పోయిన ఉత్తరంలో రాశాను. "ముక్కలైనా సరే పంపవే అక్కా, ఇక్కడ బాగుచేయిస్తాను" అని బతిమాలావు. అది పాడవలేదే. అట్టతో సహా కత్తిరించి బీరువాలో చీరల కింద దాచాను.

ఎందుకంటావా? కంటికి భూతద్దం పెట్టుకుని పొద్దంతా గడియారాల మీద వంగి ఉండే మనిషి, ఆ ఒక్క ఫోటోలోనే నోరారా నవ్వారు. నిన్ను ఎత్తుకుని నవ్వారు. అది చూసి చిన్నప్పటినుంచీ కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. నాకు దక్కనిది నీకూ వద్దనుకున్నాను.

నీ ఉత్తరం చదివాక సిగ్గేసింది. పంపేద్దామని తీసి, దారంతో అట్ట ఊడదీశాను. వెనక చీమల బారులాంటి నాన్న రాత: "పెద్దది తీసిన మొదటి ఫోటో. ఏడేళ్లు. 'నవ్వు నాన్నా' అని గదమాయించింది. చిన్నదాని తల సగం పోయింది."

ఆరోజు పక్కింటాయన కెమెరా నా చేతికిచ్చిన సంగతే మరిచిపోయాను. నా మాటకు నవ్విన నవ్వు చూసి ఇన్నేళ్లూ నీ మీద ఏడ్చాను. మనసులో పెట్టుకోకు.

ఫోటో కొత్త ఆల్బమ్ మొదటి పేజీలోనే పెట్టాను, పూర్తవగానే నీకు పంపుతాను. జిగురు పూయలేదు, తీసి వెనక చదువుకో. చదివాక ఆల్బమ్ తిరిగి పంపెయ్, మరిచిపోయానంటే ఊరుకోను. ఆ ఫోటోలో ఉన్నది నువ్వే అయినా, నాన్న చూస్తున్నది నన్ను.

ఇట్లు,
నీ తల కోసిన అక్క