ఎర్ర లైటు వెలిగేదాకా

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ ఎడంకాలు పట్టు తప్పాక కొన్న ఆటోమేటిక్ కారు మూడు నెలలుగా పాకలోంచి కదల్లేదు. గేరు రాడ్ పార్కింగ్‌లోనే బిగుసుకుపోయింది. "గేరుబాక్సు పోనాదమ్మా, తుక్కుకిచ్చీండి," అన్నాడు పలాస మెకానిక్. తుక్కువాడు రేపొస్తానన్నాడు.

పొద్దున్న కారుతో వచ్చిన పుస్తకం తీశాను. బ్రేకు తొక్కినట్టు కరెంటు అందితేనే రాడ్‌కి తాళం వదులుతుందట. బ్రేకు లైట్లు వెలుగుతాయేమో చూడమని అమ్మను కారు వెనక నిలబెట్టి బ్రేకు తొక్కాను.

"లైట్లేవీ ఎలగలేదే. డిగ్రీలో కార్లు బాగుసెయ్యడం సెప్పినారేటే?"

ఫ్యూజు బాగానే ఉంది. ఆ లైట్లకీ, రాడ్ తాళానికీ కరెంటిచ్చేది పెడల్ పైనుండే చిన్న స్విచ్చే; అది ఊడదీస్తే దాని కాళ్లనిండా పచ్చటి చిలుము. గరుకు కాగితంతో రుద్ది బిగించి, మళ్లీ తొక్కాను.

"ఎలిగాయే! ఎర్రగా ఎలిగాయి!"

రాడ్ మెత్తగా కిందికి జారింది. అమ్మ తుక్కువాడికి తనే ఫోన్ చేసింది: "మా కారు మాకుండాల బాబూ, నువ్వు రావద్దు."

చిలుము ఎలా పట్టిందో నీకు మాత్రమే చెబుతున్నాను. కారెక్కితే నీకు గాలాడాలి కదా. అందుకని అమ్మ ఏడాదిగా నీవైపు అద్దం దించే ఉంచింది, మన అక్కుపల్లి సముద్రపు ఉప్పుగాలంతా లోపలికే. ఆ మాట అమ్మకు చెప్పలేదు నాన్నా. గరుకు కాగితాలు ఇంకో నాలుగు తెచ్చిపెట్టుకున్నాను.